చెఱువు నీట తెరచాపలు



ఈ సాయంకాలము నేను ఎత్తుకొన్న విషయమును విని మీలో కొందఱు నవ్వుకొందురేమో. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దమంజరియు ఛందస్సును చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడు చెఱువులో తెరచాప పడవల పందెములను గూర్చి ప్రసంగించుట యేమి? అందులోను, నీళ్లన్న నాకు గల వెఱపును ఎఱిగిన మా యూరివారు దీనిని వినుచున్నచో, పంతులుకు ముసలితనమున మతి చలించినదని యనుకొనవచ్చును. ఆ వెఱపునకు కారణమును మొదట చెప్పి తరువాత పడవలయొద్దకు వచ్చెదను.

అది 1987 వేసవి. నేను ఉద్యోగమున చేరి మూడేండ్లయినది. ఒంటిపూట బడులు. మధ్యాహ్నము గంట కొట్టగానే పిల్లలు ఇండ్లకు పోక చెఱువునకు పోయిరి. ఇటుకలకై మట్టి తీసిన గోతులు చెఱువు కడుపున ఉండెను. పైకి మోకాలిలోతు నీరువలె కనబడును, అడుగు వేసిన నిలువులోతు. ఉదయము హాజరు పిలిచినపుడు నాకు బదులు పలికిన పిల్లవాడు సాయంకాలమునకు గట్టుమీద తడిగుడ్డ క్రింద ఉండెను. వానికి పదునొకండేండ్లు. కుమ్మరివారి బిడ్డ. మఱునాడు హాజరుపట్టీలో ఆ పేరును పలుకకుండ దాటిపోవుట నాకు చేతకాలేదు. పట్టీ మూసి పెట్టితిని.

ఆ దినము మొదలు చెఱువుగట్టు ఎక్కిన ప్రతి పిల్లవానికిని నా బెత్తము తగిలినది. తలిదండ్రులు నన్ను మెచ్చుకొనిరి. మఱియొక బిడ్డ పోలేదు, నిజమే. కాని ఇరువదియేండ్లలో ఆ యూర ఈత అను విద్యయే అంతరించినది. మన పెద్దలు తటాకనిర్మాణమును సప్తసంతానములలో ఒకటిగా ఎన్నిరి. అట్టి చెఱువును ఊరి ముంగిట పెట్టుకొని, దానిలో దిగుట తెలియని ఒక తరమును నేను తయారుచేసితిని. నా కుమారునికి కూడ ఈత రాదు.

ఉద్యోగవిరమణానంతరము సికిందరాబాదులో కుమారుని యింట చేరితిని. అప్పటికి మా మనుమరాలికి పదియేండ్లు. ఒకనాడు కోడలు నెమ్మదిగా, "మామయ్యగారూ, పాపను హుస్సేన్ సాగర్‌లో పడవలు నేర్పేచోట చేర్పించామండీ" అని చెప్పినది. చెప్పి వంటయింటిలోనికి పోయినది. నాకు ఆ పూట అన్నము సయింపలేదు.

హుస్సేన్ సాగరమును మీలో ననేకులు చూచియుందురు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ యను నాతడు మూసీనదికి చేరు ఒక వాగునకు అడ్డముగా కట్టించిన చెఱువిది. దాని గట్టే నేటి ట్యాంక్ బండు. ఒకప్పుడు ఊరికి మంచినీరిచ్చిన చెఱువు. తరువాత నగరపు మురుగు వచ్చి కలియగా, ఎండకాలమున గట్టుమీద నడచువారు ముక్కు మూసుకొనవలసిన స్థితికి వచ్చినది. బాగుచేయుటకు ఎంతో ధనము వ్యయమైనది, కొంత బాగైనది కూడ. నడుమనున్న బుద్ధవిగ్రహము ఏకశిల. 1990 మార్చిలో దానిని తెప్పమీద కొనిపోవుచుండగా అది నీట మునిగి కొందఱు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరులో మఱల పైకి తీసి నిలిపిరి. నేను ఆ విగ్రహమును చూచినపుడెల్ల ఆ మునిగినవారే స్మరణకు వచ్చెడివారు. నా మనస్సు అప్పుడట్టిది.

ఈ చెఱువున సైన్యమువారికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికిందరాబాదు సెయిలింగ్ క్లబ్బు, ఈ శతాబ్దమున వెలసిన హైదరాబాదు యాట్ క్లబ్బు మొదలైన సంస్థలు కలవు. యాట్ క్లబ్బనగానే ధనవంతుల విలాసమని నేనును అనుకొంటిని. కాని నేను చూచినచోట ప్రభుత్వపాఠశాలల పిల్లలు కూడ పడవలు మోయుచు కనబడిరి. చిన్నపిల్లల పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాదేశపు ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అను నతడు పిల్లలకొఱకు చౌకగా దీనిని రూపొందించెను. పొడవు 2.3 మీటర్లు. ముక్కు కోసివేసినట్లుండును, పశువులకు కుడితి పోయు తొట్టికి ఒక కొయ్యయు, ఒక తెరచాపయు తగిలించినట్లు కనబడును. పదునైదేండ్ల వరకు పిల్లలు ఒక్కరొక్కరే దీనిని నడుపుదురు. ఒక్కరొక్కరే! నాకు గుండె జారినది అక్కడనే.

మొదటినాడు నేనును వెంట పోయితిని. నేర్పువాడు సైన్యమునుండి వచ్చిన మనిషి, మితభాషి. పిల్లలందఱకు లైఫ్ జాకెట్లు తొడిగించి, పట్టీలు లాగి చూచి, ఒడ్డునకు దగ్గఱగానే నీటిలోనికి పంపెను. కొంతసేపటికి మా పిల్ల యెక్కిన పడవ ఒక ప్రక్కకు వ్రాలి వ్రాలి, తెరచాపతో సహా నీటిపై పడిపోయినది. పిల్ల కనబడలేదు. నేను చెప్పులతోనే నీటిలోనికి పరుగెత్తితిని. మోకాలివఱకు దిగిన తరువాత ఎవరో నా భుజము పట్టుకొనిరి. ఆ నేర్పువాడే. "మాస్టారూ, నేనే పడవెయ్యమన్నాను. ఈ వేళ పాఠం అదే. చూడండి" అనెను.

చూచితిని. పడవ ప్రక్కనుండి పిల్ల తల పైకి వచ్చినది. పడవ అడుగున కత్తివలె దిగియుండు పలక యొకటి కలదు. అది యిప్పుడు నీటిమీద అడ్డముగా చాచుకొనియున్నది. పిల్ల దానిని పట్టుకొని, దానిపైకెక్కి నిలబడి, వెనుకకు వ్రాలినది. తెరచాప నీటిని విదుల్చుకొని మెల్లగా లేచినది. పడవ నిలబడగానే పిల్ల లోనికి దొర్లి, చిన్న తొట్టితో నీళ్లు తోడిపోయ మొదలిడినది. పడుట మొదట నేర్పి, నడుపుట తరువాత నేర్పుదురట! నేను తడిసిన పంచెతో ఒడ్డున కూర్చుంటిని. ఆ కుమ్మరివారి పిల్లవాడే కన్నుల యెదుట నిలిచెను. వానికి ఇట్టి పాఠమొకటి ఎవరును చెప్పలేదు. చెప్పవలసిన వాడను నేనే. నేను బెత్తము పట్టుకొంటిని.

ఇక పందెముల మాట. గాలి వీచు దిక్కునకు పడవ పోవుట అందఱకు తెలిసినదే. ఎదురుగాలిలో తెరచాప పడవ ఎట్లు పోవును? నేరుగా పోలేదు, అది నిజము. కాని గాలికి సుమారు నలుబదియైదు డిగ్రీల వాటమున ముక్కు పెట్టి పోగలదు. గాలి తెరచాపను ప్రక్కకు త్రోయును. అడుగు పలక ప్రక్కకు పోనీయదు. తడిసిన చింతగింజను రెండు వ్రేళ్ల నడుమ నొక్కిన ముందునకు ఉఱుకునట్లు పడవ ముందునకు ఉఱుకును. కొంతదూరము కుడివాటమున, కొంతదూరము ఎడమవాటమున, నిట్టనిలువు మిట్టను బరువుబండి వంకరగా ఎక్కినట్లు ఎక్కుచు ఎదురుగాలిని గెలుచును. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండుకొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. ఓడలతో పరిచయమున్న నావికులు మన తీరమున ఆనాడే ఉండిరనుట స్పష్టము. మన చేతులలోనుండి అది యెట్లు జాఱిపోయెనో, ఈత మా యూరినుండి పోయినట్లే కాబోలు.

పందెము మొదలిడు విధానము చూడదగినది. నిలిచియున్న ఒక పడవకును, నీటిపై తేలు ఒక గుర్తునకును నడుమ కంటికి కనబడని గీత యొకటి. అయిదు నిమిషములకు ముందు ఒక జెండా ఎగురవేయుదురు. నాలుగు నిమిషములకు ముందు రెండవది. ఒక నిమిషము ఉండగా రెండవదానిని దింపుదురు. సమయము కాగానే మొదటిదియు దిగును. ప్రతిసారి కొమ్ము ఊదుదురు గాని, ఆ శబ్దము వినబడకపోయినను జెండాయే ప్రమాణము. పడవలు గుఱ్ఱములవలె ఒకచోట కట్టి నిలుపునవి కావు. ముప్పది పడవలు గీతకు వెనుక అటునిటు తిరుగుచు, చివరి క్షణమున గీతను దాటుటకు లెక్క చూచుకొనుచుండును. ముందుగా దాటిన పడవ వెనుకకు వచ్చి మఱల దాటవలెను. ముందు దాటిన తొందరకు దండన ఆలస్యమే!

గీత దాటిన తరువాత ఎవరెవరికి త్రోవ ఇయ్యవలెనో నియమములు కలవు. ఎడమనుండి గాలి తగులు పడవ, కుడినుండి గాలి తగులు పడవకు తొలగవలెను. ఒకే వాటమున పోవు రెంటిలో గాలివైపున నున్నది క్రిందిదానికి తొలగవలెను. దాటబోవు వెనుకటి పడవ ముందటిదానికి తగులకుండ పోవలెను. మన ఎద్దుబండ్లవాండ్రకు ఈ మర్యాదలు క్రొత్తవి కావు. గెలుపు లెక్క మాత్రము నాకు తలక్రిందుగా తోచినది. మొదట వచ్చినవానికి ఒకటి, రెండవవానికి రెండు, ఇట్లు. అన్ని పందెములును కూడగా ఎవరికి తక్కువ వచ్చునో వారు గెలిచినట్లు. నిర్ణయించిన సంఖ్యలో పందెములు జరిగిన పిమ్మట ఎవరిదైనను మిక్కిలి చెడిన ఫలిత మొకటి కొట్టివేయుదురు. ఈ చివరి నియమము పాఠశాలలలో లేకపోయెనే యని విచారించితిని.

ఒకనాటి పందెమున నాకు అవమానము జరిగినది. నైరుతి వర్షఋతువు. ఆకాశము మేఘావృతమై, చుట్టునున్న ఎత్తైన మేడల నడుమనుండి గాలి ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క దిక్కునుండి తోసికొని వచ్చుచున్నది. కుడివైపు నీటిపై నల్లని ముడుతలు పరుగెత్తుట నాకు కనబడినది. అచ్చట గాలి బలముగా నున్నదని అప్పటికి నేర్చుకొనియుంటిని. మా పిల్ల ఎడమవైపు పోవుచున్నది. నేను లేచి నిలిచి, తరగతి మొత్తము ఉలికిపడు గొంతుతో, "కుడివైపు! కుడివైపు!" అని అఱచితిని. పందెపు సంఘమువారిలో నొకరు వచ్చి చేతులు జోడించి, "పంతులుగారూ, ఒడ్డునుంచి సలహా చెప్పకూడదండి. అది బయటి సహాయం కిందికి వస్తుంది. పాపకే నష్టం" అనిరి. జీవితమంతయు పిల్లలకు అందించుటయే వృత్తిగా గలవాడను. వెనుక బల్లవానికి పద్యపాదము అందించినట్లే అందించితిని. నోరు మూసుకొని కూర్చుండుట ఎంత కష్టమైన విద్యయో ఆనాడు తెలిసినది. మా పిల్ల యెడమవైపే పోయి పదునాలుగవదిగా వచ్చినది.

మఱియొక నాటి సంగతి. గాలి నింపిన పెద్ద గుర్తులు నీటిపై నుంచి, వాటిని చుట్టి రావలెనని నియమము. గుర్తునకు పడవ తగులరాదు. తగిలినచో ఆ పడవ తనంతట తాను తొలగి ఒక పూర్తిచుట్టు తిరిగి మఱల త్రోవ పట్టవలెను. మఱియొక పడవయెడల తప్పు చేసినచో రెండుచుట్లు. ప్రతి పడవ వెంటను కాపరి యెవడును ఉండడు. ఆనాడు మా పిల్ల మూడవదిగా వచ్చుచు, ఆఖరి గుర్తువద్ద హఠాత్తుగా ప్రక్కకు తొలగి గిఱ్ఱున తిరిగినది. నలుగురు దాటిపోయిరి. ఏడవదిగా ఒడ్డు చేరినది. "ఏమమ్మా, అట్లు తిరిగితివి?" అని యడిగితిని. "గుర్తుకు తాకింది తాతయ్యా." "ఎవరైన చూచిరా?" "లేదు. తాకింది కదా మరి" అని, ఆ ప్రశ్న యెందుకడిగితినో తెలియనిదానివలె నా ముఖము చూచినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పుట కథకుల అలవాటు. నాకు బాగుగనే పట్టినది. కాని హరిశ్చంద్రుని కథను అన్ని యేండ్లు పాఠము చెప్పిన నేను "ఎవరైన చూచిరా" యని అడిగిన ప్రశ్న ఇప్పటికిని అప్పుడప్పుడు గొంతులో ముల్లువలె తగులుచుండును.

ఈ పందెపు నియమావళిలో మొట్టమొదటి నియమము గెలుపును గూర్చినది కాదు. ఆపదలోనున్న మనిషికిగాని పడవకుగాని చేతనైన సహాయమంతయు చేయవలెననునది. అది వ్రాతకే పరిమితము కాలేదు. 1988లో కొరియాదేశమున జరిగిన ఒలింపిక్సులో కెనడా దేశస్థుడు లారెన్స్ లెమ్యూ ఒక పందెమున రెండవస్థానమున పోవుచుండెను. సముద్రము ఉధృతముగా నుండెను. మఱియొక తరగతి పందెమున నున్న సింగపూరువారి పడవ బోల్తాపడి ఇద్దఱు నీటిలో చిక్కుకొనుట చూచి, అతడు తన త్రోవను విడిచి పోయి వారిని రక్షించెను. సహాయపు పడవ వచ్చువఱకు నిలిచి, తరువాత తన పందెము ముగించెను. అప్పటికి ఎందఱో దాటిపోయిరి. పందెపు పెద్దలు ఆ పందెమున అతనికి రెండవస్థానమునే యిచ్చిరి. ఒలింపిక్ సంఘమువారు కూబర్తాన్ పేరిటి పతకమును ఒసగిరి. మా క్లబ్బు వరండాలో ఈ కథ పిల్లలందఱకు కంఠస్థమే.

ఆ వరండాను గూర్చి ఒక మాట. పందెము ముగియగానే ఎవరి దారిని వారు పోరు. పడవను నీటినుండి తీయుటకు ఒక్కని బలము చాలదు గనుక, గెలిచినవాడును ఓడినవాడును కలిసి మోయవలసినదే. తరువాత మంచినీటితో పడవలను, తమ్మును కడుగుకొందురు. ఆ చెఱువునకు అది అవసరము. అటుపిమ్మట తేనీరు, ఉప్మా. విరమించిన సైనికోద్యోగి, ఆటోవాని కుమార్తె, వైద్యుని కొడుకు ఒకే బల్లపై కూర్చుండి, గాలి ఎప్పుడు తిరిగెనో ఎవరు ఎవరికి అడ్డము వచ్చిరో వాదించుకొందురు. వాదము ముదిరినచో విచారణ. త్రోవలోనే "ప్రొటెస్ట్" అని గట్టిగా పలికినవాడు, గడువులోపల కాగితము వ్రాసియియ్యవలెను. ముగ్గురు పెద్దలు కూర్చుందురు. ఇరువురిని ఎదురెదుట ఉంచి, బల్లపై బొమ్మపడవలను కదిపి చూపించి, సాక్షుల నడిగి తీర్పు చెప్పుదురు. పండ్రెండేండ్ల పిల్లవాడు తనపై వచ్చిన అభియోగమునకు తడబడక బదులు చెప్పుట నేను అచ్చట చూచితిని. మన రచ్చబండలపై పెద్దలే అంత నెమ్మదిగా మాటలాడరు. కోపగించకుడు, నేనును ఆ బండపై కూర్చుండిన వాడనే.

పల్లెలవారికి ఇది అందదని తలపవలదు. భోపాల్ నగరపు పెద్దచెఱువును భోజరాజు త్రవ్వించెనని ప్రసిద్ధి. నౌకల భేదములను వివరించు యుక్తికల్పతరువను గ్రంథమును ఆ భోజునిదే యందురు. ఆ చెఱువున నేర్చుకొన్న నేహా ఠాకూర్, మధ్యప్రదేశపు ఒక పల్లెలోని రైతుబిడ్డ, 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో రజతపతకము తెచ్చినది.

నాకు పతకములతో పని లేదు. క్రిందటి వేసవిలో మా యూరికి పోయితిని. నా పాత శిష్యులలో ఇద్దఱు, పట్టణములో ఈత నేర్చుకొన్నవారు, తోడు వచ్చిరి. చెఱువున గోతులు లేనిచోట, నడుములోతు దాటకుండ వెదురుగడలు పాతి త్రాడు కట్టించితిమి. ఎండిన సొరకాయ బుఱ్ఱలు సంపాదించితిమి. లైఫ్ జాకెట్లు ఆఱు మాత్రమే కొనగలిగితిమి. నేను గట్టుమీద నిలిచి పిల్లల తలలను లెక్క పెట్టుచుంటిని. పదునెనిమిది, మఱల పదునెనిమిది, మఱల పదునెనిమిది. హాజరు పిలుచుట మాత్రము నాకు బాగుగా వచ్చును.

ఆ కుమ్మరివారి పిల్లవాని అన్న యిప్పుడు ఊరిలోనే యున్నాడు. ఏబదియేండ్లు దాటినవి. మూడు దినములు గట్టుమీద వేపచెట్టు క్రింద నిలిచి, ఒక మాటయు పలుకక చూచి పోయెను. నేనును పలుకరింప సాహసింపలేదు. నాలుగవనాడు మనుమని చేయి పట్టుకొని వచ్చెను. నా ప్రక్కన నిలిచి, "పంతులుగారూ, వీడికి మీరే బుర్ర కట్టండి" అనెను. త్రాడు ముడి వేయుటకు నా వ్రేళ్లు చాలసేపు పట్టినవి.